పద్మిని గడప దాటింది

నేను కాపురానికి వచ్చేసరికే మా అత్తవారింట్లో పద్మిని ఉంది. మల్లెపువ్వులాంటి తెలుపు. రోజూ పొద్దున్నే మామయ్యగారు దానికి స్నానం చేయించి, మెత్తటి పాత పంచెతో ఒళ్ళు తుడిచి, ఎండ తగలకుండా దుప్పటి కప్పేవారు. కొత్త కోడలు కాఫీ తాగిందా లేదా అని అడిగే నాథుడు లేడు గానీ, పద్మినికి గాలి సరిపోయిందా అని మాత్రం ఇంటిల్లిపాదీ అడిగేవారు!

కంగారు పడకండి. పద్మిని అంటే కారు. ప్రీమియర్ పద్మిని, 1974 మోడలు. మనమంతా ఫియట్ అని పిలుచుకున్న బండే. 1974 నుంచి చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టారు దానికి.

మాది బొల్లారం. రాష్ట్రపతి నిలయానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు. కంటోన్మెంటు ప్రాంతం కనుక బదిలీ మీద వెళ్ళిపోయే మిలిటరీ ఆఫీసర్లు సామాన్లు అమ్ముకుని వెళ్తూ ఉంటారు. అలాంటి ఒకాయన దగ్గర మామయ్యగారు ఈ కారు కొన్నారు. ఎప్పుడు కొన్నారంటే అత్తయ్యగారు సంవత్సరం చెప్పరు, "ఎలిజబెత్ రాణి మన చర్చికొచ్చిందే, ఆ ఏడు" అంటారు. అంటే 1983. ఆ నవంబరులో రాణిగారు ఇక్కడి హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనకు వచ్చారు. ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఉన్నవే రెండు మూడు రకాలు. అలాంటప్పుడు గుమాస్తాగిరీ చేసుకునే మనిషి ఇంటి ముందు కారు ఆగిందంటే మాటలా!

అందుకే ఆయనకది ప్రాణం. ఆదివారం ఒక్కరోజే బయటికి తీసేవారు. అల్వాల్ వెంకటేశ్వరస్వామి గుడి దాకా వెళ్ళి రావడం, అంతే. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తియ్యనివ్వలేదు. పిల్లలు అందులో బిస్కట్టు తినకూడదు. వాన పడితే బండి కదలకూడదు. తాళంచెవి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే. మా వారికీ, మా మరిదికీ పాతికేళ్ళు దాటినా స్టీరింగు పట్టుకోనివ్వలేదు. ఇక కోడలి సంగతి చెప్పాలా?

2009లో ఒక రాత్రి. మా వారు క్యాంపులో ఉన్నారు. ఒంటిగంట దాటాక అత్తయ్యగారికి ఊపిరి అందలేదు. కూర్చోలేరు, పడుకోలేరు. మామయ్యగారికి అప్పటికే కళ్ళలో శుక్లాలు, రాత్రిపూట బండి నడపలేరు. నాకు రాదు. వసారాలో కారు తళతళ మెరుస్తూ ఉంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా రిసాలా బజార్ వైపు పరుగెత్తాను. ఆటో దొరికి ఇంటికి వచ్చేసరికి అరగంట. దేవుడి దయవల్ల అత్తయ్యగారు దక్కారు. తెల్లారాక నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తే మామయ్యగారు కారు పక్కన మెట్టు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో తాళంచెవి ఉంది. నావైపు చూసి మళ్ళీ తల దించేసుకున్నారు. ఆయన ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

2014లో ఆయన పోయారు. కారు మీద టార్పాలిన్ కప్పాం. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఎవరమూ దాన్ని తియ్యలేదు.

అమెరికాలో ఉన్న మా మరిది 2022లో ఫోన్ చేశాడు. "వదినా, నాన్న గుర్తుగా ఉన్నదది ఒక్కటే. ఖర్చంతా నేను పెడతాను. కొన్ననాడు ఎలా ఉందో అలా చేయించండి. షెడ్డు కట్టించి అందులో పెడదాం. ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాడు. ఆ చివరి మాట వినగానే నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది. కానీ డబ్బు అతనిది, తండ్రి అతని తండ్రి. "సరే చూద్దాం" అన్నాను.

టార్పాలిన్ తీసి చూస్తే కడుపు తరుక్కుపోయింది. టైర్లు నేలకు అతుక్కుని చపాతీల్లా అయ్యాయి. సీట్ల కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లన్నీ కొరికేశాయి. ప్లాస్టిక్ కవర్ల కింద రెగ్జిన్ చెమ్మకు బూజుపట్టి ఉంది, నలభై ఏళ్ళు కాపాడిన కవర్లే చివరికి దాన్ని పాడుచేశాయి! తలుపుల అడుగున తుప్పు.

తిరుమలగిరి వైపు షెడ్డున్న ముసలి మెకానిక్ ఒకాయన వచ్చాడు. అందరూ ఆయన్ని చాచా అంటారు. బానెట్ ఎత్తి చూసి, "గాబరా వద్దమ్మా, ఇంజన్ మంచిగనే ఉన్నది. బండి నడిచి ఖరాబు కాలే, నిలబడి ఖరాబు అయింది" అన్నాడు.

నాకు వింతగా అనిపించి ఎలాగని అడిగాను. ఓపిగ్గా చెప్పాడు. బ్రేకులో పోసే నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుందట. కదలకుండా ఉంటే ఆ తేమకి లోపలి సిలిండర్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. పెట్రోలు నిలవుంటే జిగురులా మారి కార్బురేటర్ సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. రబ్బరు సీళ్ళు ఎండి పగులుతాయి. టైరు అరగకపోయినా వయసుకే గట్టిపడి పగుళ్ళిస్తుంది. వింటూ ఉంటే నా పెళ్ళిపట్టుచీర కళ్ళముందు మెదిలింది. భద్రంగా బీరువాలో పెట్టి పదేళ్ళ తర్వాత తీస్తే మడత మడతకీ జరీ చిట్లింది! రోజూ అట్లు పోసే ఇనప పెనం మాత్రం నల్లగా నిగనిగలాడుతూ మా అత్తయ్యగారి అత్తగారి కాలం నుంచి ఉంది. మనకు తెలియని సంగతా ఇది? ఆడవాళ్ళ వంటింట్లో ఉన్న జ్ఞానమే చాచా ఇంజన్‌లో చెప్పాడు.

అప్పుడే మేం పిల్లలతో చౌమహల్లా ప్యాలెస్ చూడ్డానికి వెళ్ళాం. అక్కడ ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. పాపం ఆ కారు రాకముందే 1911లో ఆయన పోయారు. ఇన్నేళ్ళలో అది తిరిగింది మొత్తం 350 మైళ్ళ పైచిలుకేనట! రాజుల కారు కనుక ఆ వైభవం చూసి ముచ్చటపడి వచ్చాం. మనలాంటి వాళ్ళింట్లో అలా నిలబెడితే ఏం ముచ్చట? దుమ్ము దులపడానికి నేను తప్ప ఎవరున్నారు?

మరిదితో మాట్లాడక తప్పలేదు. అతను ఇంకో మాట అన్నాడు: యాభై ఏళ్ళు దాటాక వింటేజ్ కారుగా రిజిస్టరు చేయించవచ్చు, అదొక గౌరవం అని. మా అబ్బాయి ఆ రూల్సు చదివి వినిపించాడు. 2021 జూలైలో వచ్చాయవి. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండిని అలా నమోదు చేయించుకోవచ్చు. అయితే ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ, పెట్రోలుకీ తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు! అంటే కూరగాయలకి వెళ్ళకూడదు, ఆసుపత్రికి వెళ్ళకూడదు. మామూలు రిజిస్ట్రేషన్ అయితే ఐదేళ్ళకోసారి పరీక్ష చేయించి, గ్రీన్ టాక్సు కట్టి హాయిగా తిరగొచ్చు.

నేను ఫోన్‌లో చెప్పేశాను. "బాబూ, ఆ రాత్రి నువ్వు లేవు. నేనున్నాను. మళ్ళీ ఈ ఇంట్లో కదలని కారు నాకొద్దు. అలా అయితే అమ్మేసెయ్యండి." అటునుంచి చాలాసేపు మాట లేదు. "మీ ఇష్టం వదినా" అని పెట్టేశాడు. తర్వాత డబ్బు పంపించాడు గానీ రెండు నెలలు ఫోన్ చెయ్యలేదు.

నేను చేసింది తప్పేమోనని ఎన్ని రాత్రులు బాధపడ్డానో! అబ్బాయే ధైర్యం చెప్పాడు. ప్రపంచమంతటి పాత బండ్ల సంఘాలన్నిటికీ పెద్దదిక్కు ఫీవా అని ఒకటుందట. వాళ్ళు 2012లో ఇటలీలోని ట్యూరిన్‌లో ఒక పత్రం రాసుకున్నారు. పాత బండిని రోడ్డు మీద వాడుకోవడం కూడా దాన్ని కాపాడుకోవడంలో భాగమేననీ, భద్రత కోసం ఏదైనా కొత్తగా పెడితే మళ్ళీ తీసేయగలిగేలా, కనపడీ కనపడకుండా పెట్టాలనీ అందులో ఉందట. ఫియట్‌కి పుట్టిల్లు ఆ ట్యూరినే! పుట్టింటివాళ్ళే అలా అన్నాక ఇంకేం కావాలి?

ఇక పనిలో దిగాం. తుప్పు తినేసినచోట రేకు కోసి కొత్తది అతికారు. పైపైన లప్పం పెట్టి రంగు వెయ్యొద్దని ముందే చెప్పాను, మనం గోడ చెమ్మ ఆరకుండా సున్నం వెయ్యం కదా! నాలుగు చక్రాల బ్రేకులూ విప్పి కొత్త రబ్బర్లు వేశారు. విడిభాగాల కోసం మా వారూ చాచా రాణిగంజ్ దుకాణాలన్నీ తిరిగారు. పెట్రోలు గొట్టాలన్నీ మార్పించాం. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాతకాలపు రబ్బరు దానికి ఆగదట. సీటుబెల్టులు ఈ కారుకి పుట్టుకతో లేవు, అవి పెట్టించాం. వెనక సీటుకి అత్తయ్యగారు పట్టుకుని లేవడానికి ఒక పిడి వేయించాం. రంగు మాత్రం పాత తెలుపే. డాష్‌బోర్డు మీద మామయ్యగారు అతికించిన వెంకటేశ్వరస్వామి బొమ్మను కదపనివ్వలేదు.

మేం ఇంట్లో చేసిన పనులు కూడా చెబుతాను, ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. బ్యాటరీ కొసల మీద తెల్లటి పొడి పేరుకుంటే, మెకానిక్ దాన్ని విప్పి ఇచ్చాక, వేణ్ణీళ్ళలో తినేసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, ఆరాక కాస్త వాజెలిన్ రాస్తే మళ్ళీ త్వరగా రాదు. బంపరు మీద చుక్కలుగా ఉన్న తుప్పు చూసి అత్తయ్యగారు "చింతపండు పెట్టి తోమితే పోదూ!" అన్నారు. ఇత్తడికయితే సరే గానీ, దీనికి అల్యూమినియం ఫాయిల్ ఉండగా చుట్టి నీళ్ళలో తడిపి మెల్లగా రుద్దాం. అద్దంలా వచ్చింది. బూజు వాసనకి ఒక గిన్నెలో తినేసోడా పోసి నాలుగు రాత్రులు లోపల ఉంచాం. అన్నిటికంటే ముఖ్యం, వారానికి రెండుసార్లయినా ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిప్పడం. నిలబెట్టి స్టార్ట్ చేసి ఆపేస్తే లాభం లేదట.

అసలు పెద్ద పని నాది. యాభై రెండేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకున్నాను! నలభై దాటినవాళ్ళకి డాక్టరు సర్టిఫికెట్ కావాలంటే అదీ తెచ్చుకున్నాను. స్కూలు కారు మీద నేర్చుకున్నది మా పద్మిని దగ్గర పనికిరాలేదు. దీని గేరు స్టీరింగు పక్కనే చీపురుపుల్లలా వేలాడుతూ ఉంటుంది. మొదటిరోజు లైట్లనుకుని గేరు లాగాను, గేరనుకుని హారన్ నొక్కాను. మా వారు కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం అందుకున్నారు. పొద్దున్నే ఆరింటికి ఖాళీ రోడ్ల మీద చాచా పక్కన కూర్చుని నేర్పించాడు. నెల రోజులకి చెయ్యి కుదిరింది.

2023 వేసవిలో మొదటిసారి నేనొక్కదాన్నే అల్వాల్ రైతుబజారుకి వెళ్ళాను. మునక్కాయలూ, ఆనపకాయా, నాలుగు కట్టల గోంగూరా డిక్కీలో వేసుకుని వచ్చాను. ఆ అక్టోబరు నెలాఖరుకే బొంబాయిలో పద్మినీ ట్యాక్సీలు రోడ్డు మీంచి తప్పుకున్నాయని పేపర్లో చదివి మనసు చివుక్కుమంది. మా పద్మిని మాత్రం ఆ రోజు గోధుమలు మర కాడికి మోసింది!

గీత కూడా పడింది. బజారు దగ్గర ఒక తోపుడుబండి కుడి తలుపుని ఒరుసుకుపోయింది. ఇంటికొచ్చి ఏడుపొక్కటే తక్కువ. అత్తయ్యగారు వేలితో ఆ గీతను తడిమి, "పోనీలేవే, తిరిగే కాలికి రాయి తగలదూ" అన్నారు. ఆవిడ్ని నెలనెలా పరీక్షలకు తీసుకెళ్ళేది నేనే. కొత్త కార్లలో సీటు పల్లంగా ఉండి లేవలేకపోయేవారు, ఇందులో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారు.

మొన్న సంక్రాంతికి మా మరిది వచ్చాడు. కారు చుట్టూ తిరిగి చూశాడు. తలుపు మీది గీత దగ్గర ఆగాడు. నా గుండె దడదడ. డిక్కీ తీస్తే ఎండిన గోంగూర ఆకులు రెండు కనిపించాయి. ఏమీ అనలేదు. చాలాసేపటికి నా దగ్గరకొచ్చి, "వదినా, నేనొకసారి నడపనా?" అన్నాడు, పదేళ్ళ పిల్లాడిలా.

నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అతనికివ్వని తాళంచెవి నా కొంగు ముడిలో ఉంది. తీసి ఇచ్చాను. అమెరికాలో అంత పెద్ద కార్లు నడిపేవాడు, ఈ గేరు ముందు తెల్లమొహం వేశాడు! వీధి చివరిదాకా వెళ్ళేలోపు మూడుసార్లు ఆగిపోయింది. "క్లచ్ మెల్లగా వదులు బాబూ" అని నేను పక్కన కూర్చుని చెబుతుంటే, వెనక సీట్లోంచి అత్తయ్యగారు పిడి గట్టిగా పట్టుకుని, "ఒరేయ్, మెల్లగా... మీ నాన్నగారు చూస్తే చంపేస్తారు!" అన్నారు.

ముగ్గురం ఒక్కసారి నవ్వాం. బండి అల్వాల్ వైపు తిరిగింది. మరిది కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను గానీ, చూడనట్టు కిటికీ అద్దం దించాను.