ఆరేళ్ళు వచ్చేదాకా ఆగాలా?

ఆఫీసులో ఏటా మనకి ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా గోల్స్ రాస్తారు కదా. మాటలు ఇంకా రాని మూడేళ్ళ పిల్లాడికి అదే పని చెయ్యమంటే మాత్రం "మా వల్ల కాదండీ" అంటారు. నాగోల్లో మా అక్క కొడుక్కి ఒక ప్లేస్కూల్లో వచ్చిన జవాబిదే.

నాగోల్ నుంచి ప్యారడైజ్ దాకా మెట్రో, అక్కణ్ణుంచి ఆటో పట్టుకుని బోయినపల్లి మనోవికాస్ నగర్లోని ఎన్ఐఈపీఐడీకి తీసుకెళ్ళాం. 1984లో మొదలైన కేంద్ర సంస్థ అది, పాత పేరు ఎన్ఐఎంహెచ్. వాళ్ళు ముందు చూసింది వాడికి ఏం వచ్చో, ఏం రాదో కాదు. తర్వాత రాసిన గోల్ "మాట్లాడాలి" అని కాదు, "దాహమేస్తే గ్లాసు చూపించాలి" అని. ఎవరు నేర్పాలో, పదిసార్లలో ఎన్నిసార్లు చేస్తే వచ్చినట్టో కూడా రాశారు. దీన్నే ఐఈపీ అంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి తెలిసిన మాటే. అక్కడ 1986లో చట్టం సవరించి మూడేళ్ళ పిల్లలకీ దీన్ని వర్తింపజేశారు.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఉచిత చదువు హక్కు ఇచ్చింది. కానీ 6 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకే! మరి మూడు నుంచి ఆరు? మాటా, ఆటా గబగబా పట్టుబడే వయసు అదే కదండీ. 2023లో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకి ప్రోటోకాల్ ఇచ్చింది, సంతోషమే. కానీ అది హక్కు కాదు. సెలవు పెట్టి బోయినపల్లి దాకా వెళ్ళడం మనకి కుదురుతుంది, నాచారంలో రోజుకూలికెళ్ళే తల్లికి కుదరదు.

ఈలోగా, దయచేసి "మగపిల్లలకి మాటలు లేటేలే, వాళ్ళ నాన్నకీ అంతే" అని ఎవరికీ సర్దిచెప్పకండి. ఒకసారి చూపించుకోమని చెప్పండి.