ఎడిన్‌బరోలో ఎన్ని మెట్లు?

మా చెల్లి ఏ ఊరు వెళ్ళినా మొదట మెట్లు లెక్కపెడుతుంది. మూడవ ఏట పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. యాభై యేళ్ళు నిండేవరకు కాళ్ళకు ఇనుప పట్టీలు కట్టుకొని, చంకకర్రల మీద నడిచింది. తరువాత భుజాలు అరిగిపోయి చక్రాల కుర్చీకి వచ్చింది. పోస్టాఫీసుకు మూడు మెట్లు, బ్యాంకుకు ఏడు, మండలాఫీసుకు పదకొండు, మా మందిరానికి అయిదు. పిల్లలకు ఎక్కాలు వచ్చినట్టు ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఆమెకు నాటకాలంటే ప్రాణం. మా సండేస్కూలు పిల్లలు క్రిస్మస్‌కు వేసే నాటికను ముప్పై యేళ్ళుగా రాసేది ఆమే. రిహార్సల్సు మా ఇంటి వసారాలోనే జరుగుతాయి. కాని నాటిక చూడటానికి మాత్రం ఆమె రాదు. మందిరం మెట్లకు పట్టుకోను కమ్మీ లేదు. 1998 క్రిస్మస్ నాడు యౌవనస్థులు నలుగురు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుతూ ఉండగా ఒకతని చెయ్యి జారింది. దెబ్బ పెద్దది కాదు. కాని కుర్చీ ఒరిగి, చీర చెదిరి, ఊరంతా చూసింది. కొందరు పిల్లలు నవ్వారు కూడా. అప్పటి నుండి ఆదివారం ఆరాధనకు మందిరం బయట వేపచెట్టు కింద కూర్చుంటుంది. క్రిస్మస్ రాత్రి తాను రాసిన మాటలను ఇంటి దగ్గర మైకులో వింటుంది.

2023 ఆగస్టులో మేమిద్దరం స్కాట్లాండు దేశపు రాజధాని అయిన ఎడిన్‌బరో వెళ్ళాము. మా అమ్మాయి అక్కడ నర్సు. "ఆగస్టులో ఊరంతా జనమే, అయినా పిన్నిని ఆగస్టులోనే తీసుకురా అమ్మా, అప్పుడే నాటకాలు" అన్నది. వీసా, విమానం సంగతులు రాసి మీకు విసుగు పుట్టించను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ప్రయాణమంటే మా చెల్లి ముందురోజు నుండి నీళ్ళు తాగడం మానేస్తుంది. మరుగుదొడ్డికి కుర్చీ పోతుందో లేదో తెలియదు గనుక. ఇంటిలో ఇలాంటివారు ఉన్న చదువరులకు ఈ సంగతి నేను వివరించనక్కరలేదు.

ఎడిన్‌బరో కళోత్సవాలు 1947 ఆగస్టులో మొదలయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధం మిగిల్చిన దుఃఖంలో నుండి మనుష్యులను సంగీతం, నాటకం ద్వారా మళ్ళీ ఒకచోట చేర్చాలని పెద్దలు తలపెట్టారు. దేశదేశాల పేరుగల బృందాలను ఆహ్వానించారు. అయితే ఆహ్వానం లేని ఎనిమిది నాటక బృందాలు కూడా వచ్చి, పెద్ద నాటకశాలలు దొరకక, దొరికిన చిన్న హాళ్ళలో ప్రదర్శించాయి. ఆ పిలవని పేరంటమే పెరిగి పెద్దదై 'ఫ్రింజ్' అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. ఫ్రింజ్ అంటే అంచు. ఇప్పుడు చీరకన్నా అంచే పెద్దది! మేము వెళ్ళిన ఏడు 3,000కు పైగా ప్రదర్శనలు, రెండు వందలకు పైగా స్థలాలలో జరిగాయి. ఆ స్థలాలలో నాటకాలకోసం కట్టినవి కొద్దే. బడిగదులు, విశ్వవిద్యాలయపు తరగతి గదులు, వంతెనల కింది రాతి నేలమాళిగలు, సంఘాల హాళ్ళు, ఇవన్నీ ఆగస్టు నెలకు నాటకశాలలౌతాయి. వికలాంగుల కష్టమంతా ఇక్కడే ఉన్నది. నెలరోజులకు వేసుకున్న ఏర్పాటులో కుర్చీలు, దీపాలు, తెరలు అన్నీ గుర్తుంటాయి. గుమ్మం గుర్తుండదు.

ఆ పట్టణం కూడా కాళ్ళున్నవారినే ఆయాసపెడుతుంది. పడమట ఎత్తైన బండమీద కోట. అక్కడి నుండి తూర్పుగా రాజభవనం వరకు ఒకే గుట్ట వెన్ను మీద వాలుగా దిగే రాచవీధి. దానికి ఇరువైపులా సందులు, సందులలో నిలువుగా మెట్లు. వీధిలో పరచినవి నలుచదరపు రాతిదిమ్మలు. చూడటానికి అందమే. వాటి మీద చక్రాల కుర్చీ తోస్తే కూర్చున్నవారి పళ్ళు టకటకలాడతాయి. "గతుకుల బండి మీద పుట్టింటికి పోయినట్టున్నదక్కా" అని చెల్లి నవ్వింది. పాతపట్టణం 1995 నుండి ప్రపంచ వారసత్వ స్థలం కావడంవల్ల ఒక రాయి కదిలించాలన్నా ఎన్నో అనుమతులు కావాలి. అయితే సిటీ బస్సులకు నేలకు దిగే పలక ఉన్నది, ట్రాములోకి కుర్చీ తిన్నగా పోతుంది, నల్ల టాక్సీలలో సైతం వాలుపలక ఉంటుంది. కాబట్టి బండి ఎక్కడం దిగడం మాకు కష్టం కాలేదు. బండి దిగాక గుమ్మం దాకా పోయే ఆ పాతిక గజాలే సంగతంతా.

ప్రదర్శన స్థలాలలో ఇన్ని మందిరాలు ఉండటం నాకు వింతగా తోచి మా అమ్మాయిని అడిగాను. కారణం సంఘచరిత్రలో ఉన్నది. 1843లో స్కాట్లాండు సంఘములో చీలిక వచ్చి నాలుగు వందలకు పైగా కాపరులు బయటికి వచ్చి ఫ్రీ చర్చి స్థాపించారు. ఊరూరా పాత మందిరానికి ఎదురుగా కొత్త మందిరం లేచింది. 1929లో ఎక్కువభాగం తిరిగి ఐక్యమయ్యేసరికి ఒకటి సరిపోయేచోట రెండు మిగిలాయి. అలా మిగిలినవాటిలో ఒకటి 1980 నుండి విశ్వవిద్యాలయ విద్యార్థులు నడిపే బెడ్లం నాటకశాల. 1823లో కట్టిన మరొక మందిరం 1979 నుండి క్వీన్స్ హాలు అనే సంగీతశాల. అందులో ఆరాధికులు కూర్చున్న చెక్కబల్లలు ఇంకా ఉన్నాయి. కోట దారిలో ఆకాశాన్నంటే శిఖరం ఉన్న పాత మందిరం 1999 నుండి పెద్ద ఉత్సవానికి కేంద్రస్థానం. మనవాళ్ళ జగడాల వలన నాటకాలవారికి ఇళ్ళు దొరికాయన్నమాట!

టిక్కెట్లు తీసుకునే సంగతి చెప్పాలి. ఫ్రింజ్ సంస్థవారు వికలాంగులకోసం ప్రత్యేకంగా ఒక విభాగం నడుపుతున్నారు. చక్రాల కుర్చీవారికి చోటు అక్కడే కేటాయిస్తారు. తోడు లేనిదే రాలేనివారికి ఆ తోడు మనిషి టిక్కెట్టు ఉచితం. ప్రతి స్థలం గురించీ మెట్లు ఉన్నాయా, లిఫ్టు ఉన్నదా, మరుగుదొడ్డికి కుర్చీ పోతుందా అనే వివరాలు ముందే రాసి ఉంచుతారు. చెవిటివారికి సైగల భాషలో చెప్పే ప్రదర్శనలు ఏవి, మాటలు తెరమీద అక్షరాలుగా వచ్చేవి ఏవి, చూపులేనివారికి వేదికమీద జరిగేది చెవిలో వర్ణించేవి ఏవి అన్నీ గుర్తులతో ఉంటాయి. (చూపులేని జార్జ్ మాథిసన్ గారు 1886 నుండి కాపరిగా ప్రసంగించిన పట్టణం ఇదే. ఆయన వ్రాసిన కీర్తన ఆంగ్ల ఆరాధనలలో నేటికీ పాడుతారు.) ఆటిజం ఉన్న పిల్లలకు చెవులు కప్పే సాధనం, చేతిలో ఆడించుకునే వస్తువులు పెట్టిన చిన్న సంచి ఉచితంగా అరువిస్తారు. అలాంటి పిల్లలు నాటకం మధ్యలో లేచినా, అరిచినా ఎవరూ కసరని ప్రదర్శనలు వేరుగా ఉన్నాయి. ఇది నాకు ఎంతో నచ్చింది. మన కూటాలలో పసిబిడ్డ ఏడిస్తే తల్లివైపు తిరిగే మెడలు ఎన్నో!

మొదటి రోజు ఒక పాత సంఘపు హాలులో, తండ్రీ కూతుళ్ళు ఇద్దరే పాత్రలుగా ఉన్న గంటసేపటి నాటకానికి వెళ్ళాము. గుమ్మం దగ్గర వాలుపలక. మూడవ వరుస మధ్యలో ఒక కుర్చీ తీసివేసి ఉంచారు. చెల్లి తన చక్రాలు తానే తిప్పుకుంటూ పోయి ఆ ఖాళీలో ఆగింది. పక్కన నేను, అటుపక్కన ఎవరో ముసలాయన. మనదగ్గర చక్రాల కుర్చీ వస్తే ఎక్కడ పెడతాము? అందరికన్నా ముందు ఒంటరిగా, లేదా గోడ పక్కన, గొడుగులూ చెప్పులూ పెట్టేచోట. ఇక్కడ ఆమె జనం మధ్యలో ఒకతె. దీపాలు ఆరిపోయాక చూస్తే ఏడుస్తున్నది. అది నాటకం చూసి వచ్చిన ఏడుపు కాదని నాకు తెలుసు, ఎందుకంటే నాటకం ఇంకా మొదలుకాలేదు.

అక్కడి మరుగుదొడ్డిలో గోడ పక్కన ఎర్రతాడు నేలదాకా వేలాడుతున్నది. కిందపడినవారు పడినచోటి నుండే లాగితే గంట మోగుతుంది. ఆ వారం చెల్లి మూడుపూటలా టీ తాగింది. అయితే మరొకచోట ఆ తాడును, నేల తుడవడానికి అడ్డమని కాబోలు, మెడ ఎత్తున ముడివేసి ఉంచారు. మా అమ్మాయి కత్తెర అడిగి ముడి కోసింది.

అన్నీ ఇలాగే జరిగాయని రాస్తే అబద్ధమౌతుంది. నాలుగవ రోజు మరొక స్థలానికి వెళ్ళాము. మెట్లు లేవని రాశారు. వెళ్ళి చూస్తే గుమ్మానికి జానెడెత్తు రాతిమెట్టు ఒకటి. దానిమీద వేసే పలకను ఎవరో వేరే హాలుకు పట్టుకుపోయారు. ఇద్దరు కుర్రవాళ్ళు, పాపం మంచివాళ్ళే, "ఎత్తి లోపల పెట్టేస్తాము, ఒక్క క్షణం" అని కుర్చీ పట్టుకోబోయారు. చెల్లి రెండు చేతులతో చక్రాలు గట్టిగా బిగించి పట్టుకొని వద్దన్నది. పలక వెదికి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఆలస్యంగా వచ్చినవారిని నాటకం మధ్యలో రానివ్వరు. డబ్బు తిరిగి ఇచ్చారు, క్షమాపణ చెప్పారు. ఆ కుర్రవాళ్ళ ముఖాలు చిన్నబోతే నేనే చెల్లిమీద విసుక్కున్నాను. "ఒక్క మెట్టే కదా, ఎత్తనిస్తే ఏమి పోయింది?" అన్నాను.

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చాక అన్నది: "నేలమాళిగలో నాటకానికి ముప్పై ఒక్క మెట్లు, లిఫ్టు లేదు అని రాశారు చూశావా? దానిమీద నాకు కోపం లేదక్కా. నిజం చెప్పారు, నేను వెళ్ళలేదు. ఇక్కడ ఒక మెట్టు ఉన్నదని రాసి ఉంటే ఇంకొకచోటికి పోయేవాళ్ళం. వాళ్ళకు ఒక మెట్టు మెట్టుగా కనబడలేదు." కాసేపాగి, "పక్షవాయువు గలవాణ్ణి కప్పు విప్పి దించిన ఆ నలుగురిమీద ఎన్ని ప్రసంగాలు విన్నాము! తిరిగి వెళ్ళేటప్పుడు అతడు తన పరుపు తానే ఎత్తుకొని వాకిలిగుండా పోయాడు. ఆ సంగతి ఎవరూ చెప్పరు" అన్నది. నేను ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. నాకు మాట రాలేదు.

వచ్చేముందు ఒక సాయంత్రం అసెంబ్లీ హాలు చూడబోయాము. ఇది 1859లో తెరచిన సంఘ మహాసభల మందిరం. 1948లో మొదటిసారి ఇందులో ఉత్సవ నాటకం ఆడారు, నేటికీ ఆడుతున్నారు. మనకు ఇంకొక సంబంధం ఉన్నది. 1910లో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది ఈ హాలులోనే. వచ్చిన సుమారు 1,200 మందిలో, దోర్నకల్లులో పనిచేస్తున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ఒకరు. రెండేళ్ళ తరువాత దోర్నకల్లు బిషప్పు అయినవారు ఆయనే. మిషనరీలు మా మేలుకోసం ఎంతో చేశారు గాని స్నేహితులుగా మాతో కూర్చోలేదని ఆ సభలో ధైర్యంగా చెప్పారు. నాక్స్ విగ్రహమున్న ముంగిలి నుండి హాలుకు మెట్లున్నాయి. చెల్లి వీధిలోనే ఆగింది. వేరే దారి ఉన్నదేమో విచారించే ఓపిక ఆ సాయంత్రం మాకు లేదు. "నువ్వు వెళ్ళి చూసి రా, ఎన్నో చెప్పు" అన్నది. నేను లెక్కపెట్టాను గాని మధ్యలో తప్పిపోయింది. ఆమెకైతే తప్పేది కాదు.

బ్రిటనులో వికలాంగులపట్ల వివక్షను నిషేధించే చట్టం 1995లో వచ్చింది. అదే ఏడు మన పార్లమెంటు కూడా వికలాంగుల చట్టం చేసింది. వారిది 2010లో సమానత్వ చట్టంలో కలిసింది. మనకు 2016లో మరింత విరివియైన చట్టం వచ్చి, 7 రకాల వైకల్యాలను 21కి పెంచింది. కాగితం మీద మనమేమీ వెనుకబడలేదు.

ఇంటికి వచ్చాక చెల్లి టేపు తెప్పించి, మా మందిరం మెట్లు పిల్లలచేత కొలిపించింది. ఒక్కొక్కటి ఆరంగుళాలు, మొత్తం 30 అంగుళాలు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు వాలు ఉండాలి. అంటే 30 అడుగులు. ముందు రోడ్డుదాకా ఉన్న స్థలం 14 అడుగులే. కనుక వాలు మధ్యలో మలుపు తిరగాలి, మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును ఉండాలి. తాపీమేస్త్రికి ఇదంతా అయిదు నిమిషాలలో అర్థమయింది. కమిటీకి ఏడాదైనా అర్థం కాలేదు. "ఎత్తడానికి మన కుర్రాళ్ళున్నారు కదమ్మా, ఒక్కరికోసం అంత సిమెంటా?" అన్న పెద్దాయన, తానే మోకాళ్ళ నొప్పులతో కొడుకు భుజం పట్టుకొని మెట్లెక్కుతున్నాడు.

2024 క్రిస్మస్ నాటిక కూడా చెల్లే రాసింది. ఆహ్వాన పత్రిక ప్రూఫు దిద్దడానికి ఆమె దగ్గరికే వస్తుంది. దిద్ది, అడుగున ఒక పంక్తి చేర్చి పంపింది: "గమనిక: మందిర ద్వారమునకు అయిదు మెట్లున్నవి. వాలుదారి లేదు." ప్రెస్సు అబ్బాయి ఫోను చేసి ఇది నిజంగా వేయాలా అని అడిగాడు. వేయమన్నది. మూడువందల పత్రికలు ఊరంతా పంచారు. మర్నాడు సాయంత్రం కమిటీ పెద్దలు ఇద్దరు ముఖాలు మాడ్చుకొని మా వసారాలోకి వచ్చారు. చెల్లి వారికి టీ ఇప్పించి, టేపు చేతికిచ్చింది.