మేనల్లుడి పికప్ బండి

గత ఏడాది షబే బరాత్ వెళ్ళిన మూడవ నాడు మా చెల్లెలు ఫోను చేసింది. సలాములు ముగియకముందే ఆమె గొంతు గద్గదమైంది. "భాయీజాన్, ఆరేళ్ళు షార్జాలో ఉండి వచ్చిన కొడుకు ఇంటికి ప్రహరీ కట్టిస్తాడనుకున్నాను. వీడు ఇనుప గాడిదను తెచ్చి దొడ్లో కట్టేశాడు. ఒకసారి మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి, మీ మాటైతే వింటాడు" అన్నది. మదరసాకు శుక్రవారం సెలవు. జుమా నమాజు కాగానే, చెప్పవలసిన నాలుగు మాటలను మనసులో నలభై చేసుకొని బయలుదేరాము.

చెల్లెలి ఇల్లు కరీంనగర్‌లో మానేరు వైపు పోయే ఒక బస్తీలో ఉన్నది. ఇంటి వెనుక రేకుల షెడ్డు మా మరిది బ్రతికి ఉన్న రోజులలో పంక్చర్లు అతికిన చోటు. అందులో సీట్లు లేని, తలుపులు లేని ఒక పాత మహీంద్రా పికప్ ఇటుకల మీద నిలబడి ఉన్నది. దాని కింద నుండి రెండు పాదాలు మాత్రమే కనిపించాయి. "అస్సలాము అలైకుం మామూజాన్! ఆ టార్చి కొంచెం ఇటు పట్టండి. నట్టు చేతికి అందింది, వదిలితే మళ్ళీ దొరకదు" అని కింది నుండి మాట వినిపించింది. తెల్లని కుర్తాతోనే వంగి టార్చి పట్టుకున్నాము. అసర్ అజాను వినిపించే వరకు మా నలభై మాటలలో ఒక్కటీ బయటికి రాలేదు.

నమాజు తరువాత చాయి తాగుతూ దుబారా గురించి ఎత్తుకున్నాము. అతడు ఎదురు చెప్పలేదు. లోనికి వెళ్ళి ఒక చిన్న నోటుపుస్తకం తెచ్చి మా చేతిలో పెట్టాడు. మొదటి పేజీలో చెల్లెలి పెళ్ళి కోసం తల్లి ఖాతాలో జమ చేసిన సొమ్ము, రెండవ పేజీలో తండ్రి మిగిల్చి వెళ్ళిన అప్పుల చెల్లింపు, ఆ తరువాతనే బండి లెక్క మొదలైంది. ఒక మనిషిని మందలించే ముందు అతని లెక్క చూడాలని విద్యార్థులకు చెప్పే మేము ఆ రోజు చూడకుండానే బయలుదేరి వెళ్ళాము. చెల్లెలికి ఆ పేజీలు చూపించాము. "లెక్క సరే, గోడ ఏదీ?" అన్నది ఆమె. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేదు.

ఆ పికప్‌ను ఆదిలాబాద్‌లో ఒక పత్తి జిన్నింగు మిల్లు వెనుక, వానకు తడిసి ఎండకు ఎండుతూ ఉండగా కొన్నాడట. రిజిస్ట్రేషను రద్దయిన బండి కావడం వల్ల రోడ్డు మీద నడిపే హక్కు లేదు. డీసీఎం లారీలో ఎక్కించి, మహబూబ్ ఘాటు మలుపులు దిగి, నిర్మల్ దాటి, సోన్ వద్ద గోదావరి వంతెన మీదుగా ఇల్లు చేర్చాడు. ఇక్కడ చరిత్ర మీద మాకున్న మోజు కొద్దీ ఒక మాట. ఈ మహీంద్రా సంస్థ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ భాగస్వామి మలిక్ గులాం ముహమ్మద్ దేశ విభజన తరువాత పాకిస్తాను వెళ్ళి, ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రి, తరువాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో సంస్థ పేరు మారింది. ఈ సంగతి చెప్తే మేనల్లుడు స్పానరు కింద పెట్టి మరీ విన్నాడు.

అసలు ఈ బండి ఎందుకు? డ్రాగ్ రేసు కోసమట. అంటే ఏమిటో అప్పటివరకు మేము ఎరుగము. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. దీపం పచ్చబడగానే తిన్నని బాటపై పావు మైలు, అనగా 402 మీటర్లు, ఎవరు ముందు చేరితే వారిది గెలుపు. మలుపులు లేవు, రెండవ చుట్టు లేదు. కొన్ని చోట్ల అందులో సగం, 201 మీటర్లే పెడతారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలో విమానాలు దిగని రన్‌వేల మీద ఈ ఆట స్థిరపడింది. 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఏర్పడి, వీధులలో సాగుతున్న పందేలను నియమాల కిందికి తీసుకువచ్చే పని చేపట్టింది. 1998 నుండి 2001 వరకు పికప్‌ల కోసమే అక్కడ ఒక ప్రత్యేక తరగతి నడిచింది. 2008లో ఒక పోటీదారుడు మరణించగా, అత్యంత వేగవంతమైన తరగతులకు దూరాన్ని 1000 అడుగులకు తగ్గించారు.

మన జిల్లాల నుండి గల్ఫ్ వెళ్ళిన బిడ్డలకు ఇది కొత్త సంగతి కాదు. ఖతర్‌లో, బహ్రెయిన్‌లో దీని కోసం కట్టిన బాటలు ఉన్నాయి. అబూధాబీ లివా ఎడారిలో దాదాపు 300 మీటర్ల ఎత్తున్న మొరీబ్ ఇసుక దిబ్బ మీదికి బండ్లను పరుగెత్తిస్తారు. మేనల్లుడు షార్జాలో పని చేసిన గ్యారేజీకి అటువంటి బండ్లు వచ్చేవి. అక్కడి ఉస్తాద్ పెషావర్ మనిషి. మొదటి ఏడాది ఇతనితో నట్లు కడిగించడం తప్ప మరేమీ చేయించలేదట. మేము దేవ్‌బందీ పాఠక్రమంలో మొదటి ఏడాదంతా అరబీ క్రియారూపాలు వల్లె వేసిన రోజులు గుర్తుకు వచ్చాయి.

ఆ తరువాత మా శుక్రవారాలు ఆ షెడ్డుకు రాసి పెట్టినట్లయినాయి. చెల్లెలికి మాత్రం "నచ్చజెప్పడానికి పోతున్నాము" అని చెప్పేవాళ్ళము. కొంతకాలం అది నిజం కూడా.

పికప్ బండికి తోక తేలిక. ఇంజను, క్యాబిను బరువంతా ముందు, లాగే చక్రాలు వెనుక. ట్రాలీలో సరుకు లేనప్పుడు ఒక్కసారిగా వేగం ఇస్తే వెనుక చక్రాలు ఉన్న చోటే తిరిగి టైరు కాలిపోతుంది కాని బండి కదలదు. అందుకని బ్యాటరీని తీసి వెనుక కుడి చక్రం దగ్గర బిగించాడు. ఇంకొక చిక్కు కమాను పట్టీలది. చక్రం ముందుకు తిరుగుతుంటే, దాన్ని తిప్పే ఇరుసు పెట్టె వెనుకకు మెలిపడాలని చూస్తుంది. దానితో పట్టీలు పాములా వంకరపోయి, తటాలున విడివడి, మళ్ళీ వంకరపోతాయి. బండి కుందేలులా గెంతుతుంది. ఇరుసు పెట్టె నుండి చాసిస్‌కు రెండు ఇనుప కడ్డీలు కట్టి ఆ మెలికను ఆపాడు. చాసిస్ పట్టెలు ఒక వైపు తెరిచిన కాలువల వంటివి. రేకు పెట్టి ఆ తెరిచిన వైపును మూసివేశాడు. ఆ వెల్డింగును ఒక వరుసలో చేయలేదు, ఇక్కడ ఒక అంగుళం, అవతలి వైపు ఒక అంగుళం. ఎందుకని అడిగాము. "ఒకే చోట ఆగకుండా వేడి పెడితే పట్టె వంగిపోతుంది మామూజాన్. చల్లారనిచ్చి మళ్ళీ రావాలి" అన్నాడు. ఒకే పిల్లవాణ్ణి ఒకే తప్పు మీద గంటసేపు నిలబెట్టిన రోజులు మాకు ఉన్నాయి.

ఇంజను ఒక ప్రమాదంలో నుజ్జయిన స్కార్పియోది, 2.2 లీటర్ల డీజిలు, కంపెనీ లెక్కన 120 గుర్రాల బలం. దూలానికి కట్టిన చైను బ్లాకుతో దానిని దింపిన రోజున గొలుసు లాగినది మేమే. ఇంజను కూర్చునే మౌంట్లను ఇనుముతో చేసే ముందు అట్టతో నమూనా కత్తిరించుకోవాలి. మదరసా పాత క్యాలెండర్ల అట్టలు తెచ్చి ఇచ్చాము. పవిత్ర నామాలున్న భాగాలను ముందే వేరు చేసి భద్రపరచి, ఉత్త అట్ట మాత్రమే కత్తెర కిందికి పోనిచ్చాము. దానికి మాకు ఒక పూట పట్టింది. అతడు విసుక్కోలేదు.

అన్నింటికంటే ముందు చేసినది మాత్రం ఒక కడియం. గేరు పెట్టె నుండి వెనుక ఇరుసుకు పోయే షాఫ్టు చుట్టూ, దానికి ఎక్కడా తగలకుండా, చాసిస్‌కు బిగించిన మందపాటి ఇనుప పట్టీ అది. "ఇది ఏ పని చేస్తుంది?" అని అడిగాము. "ఏ పనీ చేయదు. షాఫ్టు ముందు కొస విరిగితే నేలలో దిగబడి బండిని గాలిలోకి లేపేస్తుంది. ఆ రోజు మాత్రం ఇది పట్టుకుంటుంది. కడియం లేనిదే ఇంజను ముట్టవద్దని ఉస్తాద్ చెప్పాడు" అన్నాడు.

బరువు తగ్గించడం నెలల తరబడి సాగింది. ట్రాలీ పలకలు, డ్యాష్‌బోర్డు, అద్దాలు ఎత్తే యంత్రాలు, చివరికి తలుపుల లోపలి రేకులు కూడా వెళ్ళిపోయాయి. ఇదంతా చూస్తుంటే మేము ఏటేటా చెప్పే హదీసు పాఠం ఒకటి కళ్ళ ముందు నిలిచింది. దైవప్రవక్త (స) కాలంలో పందేనికి గుర్రాలను సిద్ధం చేసే పద్ధతిని తద్‌మీర్ అంటారు. ముందు బాగా మేపి, పిదప మేత తగ్గించి, దుప్పట్లు కప్పి చెమట పట్టించి, కొవ్వు కరిగించేవారు. అలా సిద్ధమైన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ వదా వరకు అయిదారు మైళ్ళ దూరం. సిద్ధం కాని వాటికి అక్కడి నుండి బనూ జురైఖ్ మసీదు వరకు ఒక మైలు మాత్రమే. బలాన్ని బట్టి తరగతి, తరగతిని బట్టి దూరం. ముప్పై ఏళ్ళుగా చెప్తున్న ఈ పాఠంలో రెండు దూరాలు ఎందుకున్నాయో మాకు మేనల్లుడి షెడ్డులోనే బాగా అర్థమైంది.

బక్రీదుకు ముందు ఒక శుక్రవారం షెడ్డులో నలుగురు యువకులు కూర్చొని ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు, మాటలు ఆగిపోయాయి. వారు వెళ్ళాక మేనల్లుడే చెప్పాడు. రాజీవ్ రహదారి మీద అర్ధరాత్రి దాటాక పందెం, ఇద్దరూ చెరి యాభై వేలు ఒడ్డాలి, గెలిచినవాడికి లక్ష. "బండి తయారైంది మామూజాన్. పరుగెత్తించే చోటు ఈ చుట్టుపక్కల ఎక్కడ ఉన్నది? బసంత్‌నగర్‌లో రన్‌వే ఖాళీగా పడి ఉన్నది, దాని మీదికి నన్నెవరు రానిస్తారు? మీరు వద్దంటే పోను. కాని ఎందుకు వద్దో చెప్పండి" అన్నాడు.

ఇద్దరూ సొమ్ము ఒడ్డి గెలిచినవాడు తీసుకుపోతే అది జూదం, ఫిఖా పండితులలో అత్యధికుల మాట ఇదే. మూడవవాడు బహుమానం ఇస్తే సంగతి వేరు. చట్టం చూసినా, అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం నడిపితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు గాని, అయిదు వేల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఇవన్నీ చెప్పాము. అతడు తల ఊపాడు. ఆ ఊపులో పరీక్ష కోసం బట్టీ పట్టే విద్యార్థి కనిపించాడు.

అప్పుడు ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట చెప్పాము. పదకొండేళ్ళ క్రితం మా వద్ద ఒక విద్యార్థి ఉండేవాడు. పంతొమ్మిది పారాలు కంఠస్థం చేశాడు. గొంతు మధురం, నవ్వు ముఖం. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా స్నేహితులతో మోటారు సైకిలు పందేలు ఆడుతున్నాడని మాకు తెలుసు. తోటి పిల్లలు చెప్పారు. పిలిచి అడిగితే నవ్వాడు, మేమూ నవ్వాము. ముద్దుగా పెరిగిన పిల్లవాడు, రంజాను నెలంతా తరావీహ్ నమాజుకు ముందుండి ఏర్పాట్లు చేసినవాడు, ఏమని గద్దించగలమనుకున్నాము. ఈద్ రాత్రి బైపాసు రోడ్డు మీద లారీ కిందికి పోయాడు. అతనికి గుస్ల్ చేయించిన వారిలో మేము ఒకరము. ఇరవయ్యవ పారా మొదలుపెట్టిన చోట అతడు పెన్సిలుతో పెట్టుకున్న గుర్తు ఉన్న ముస్‌హఫ్ మా బీరువాలోనే ఉన్నది. అతని తండ్రికి దానిని ఇచ్చే ధైర్యం మాకు ఇప్పటికీ కలగలేదు.

మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. లేచి, ఫోను తీసుకొని బయటికి పోయి, ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి వచ్చాడు. ఆ నలుగురిలో ఇద్దరు మళ్ళీ షెడ్డు వైపు రాలేదు. మిగిలిన ఇద్దరు ఇప్పుడు వెల్డింగు నేర్చుకుంటున్నారు.

వద్దని చెప్పినంత మాత్రాన మా పని తీరిందా? బండికి ఒక బాట చూపించవలసిన బాధ్యత మా మీద పడింది. మా మరిది పాత మిత్రుడొకరు ఊరికి దూరంగా ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ చూసుకుంటున్నారు. ప్లాట్లు అమ్ముడుపోలేదు గాని తిన్నని తారు రోడ్డు వేసి పెట్టారు, చుట్టూ ప్రహరీ, గేటు ఉన్నాయి. యజమాని అనుమతి కాగితం మీద తీసుకున్నాము. ప్లాట్లు కొలిచే టేపుతోనే 201 మీటర్లు కొలిచి సున్నంతో గీత గీశారు. ఆగడానికి అంతకు మించిన దూరం వదిలారు. బండి డీసీఎంలో వచ్చింది. హెల్మెట్టు, నాలుగు వైపులా బిగించే బెల్టు, నెత్తి మీద గొట్టాల పంజరం. మా చెల్లెలు కూడా వచ్చింది, కాని ముఖం అటు తిప్పుకొని తస్బీహ్ పట్టుకొని నిలబడింది.

మొదటిసారి మా ఫోను గడియారంలో పదకొండు సెకన్లకు కొంచెం పైన వచ్చింది. షార్జాలో దానిని చూసి నవ్వుతారని అతడే చెప్పాడు. మాకు మాత్రం ఊపిరి ఆడలేదు. రెండవసారి సగం దూరంలో వింతైన కాలిన వాసన వచ్చి, ఇంజను గట్టిగా అరుస్తూ ఉండగానే బండి నెమ్మదించింది. క్లచ్ ప్లేటు మాడిపోయింది. పెంచిన బలానికి పాత ప్లేటు చాలదని తెలిసీ తొందరపడ్డానని అతడు ఒప్పుకున్నాడు. చెల్లెలు అప్పుడు ఇటు తిరిగింది. "ఆగిందా? అల్‌హమ్‌దులిల్లాహ్" అన్నది.

ఇప్పుడు ఇంజను మళ్ళీ గొలుసుకు వేలాడుతున్నది. షెడ్డు ముందు ట్రాక్టర్లు, ఆటోలు మరమ్మతు కోసం నిలుస్తున్నాయి. ఆ సంపాదనతో ప్రహరీ పునాది తవ్వారు, క్లచ్ ప్లేటు దాని తరువాతనే అని తల్లి షరతు. వచ్చే శుక్రవారం గొలుసు లాగడానికి మేము వెళ్ళాలి. మొన్న టార్చి పట్టుకొని బండి కిందికి వంగి చూశాము. కడియం మీది నల్ల రంగు ఎక్కడా గీచుకుపోలేదు.