పాత కారు... కొత్త పాట

సమస్యల్లా ఓ చిన్న కంత. రెండంగుళాల ఎత్తు, ఏడంగుళాల వెడల్పు. నూజివీడు దగ్గర మామిడి తోట ఉన్న ఓ పెద్దాయన పాత మారుతి 800లో, స్టీరింగుకి ఎడమ పక్కన ఉంటుందది. అందులోని టేప్ రికార్డర్ నోరు మూసుకుని చాన్నాళ్లయింది. ఓ కేసెట్టు లోపలే ఇరుక్కుపోయింది. బయటికి రాదు, పాడదు. ఆయనా పట్టించుకోలేదు. తోటకీ ఇంటికీ మధ్య తిరగడానికి పాటెందుకు?

కారు కూడా పాటలు వినే కారేం కాదు మరి. 1983లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన 800ల్లో అదొకటి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఎరువు బస్తాలు మోసింది. పురుగుమందు డబ్బాలు మోసింది. వేసవి వచ్చిందంటే చిన్నరసాల బుట్టలతో చుట్టాలిళ్లన్నీ తిరిగింది. వెనక సీటులో ఇప్పటికీ ఎండుగడ్డి వాసనే. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్లు పొడిగించుకున్నారు. ‘ఇంకా ఎన్నాళ్లు నాన్నా, అమ్మేయండి’ అని హైదరాబాద్‌లోని కూతురు పోరుతూనే ఉంది. ‘అమ్మితే ఎంతొస్తుందమ్మా... తుక్కు ధర’ అని ఆయన దాటేస్తూనే ఉన్నారు.

ఇంతలో ఇంటావిడకి డయాలసిస్ మొదలైంది.

వారానికి రెండుసార్లు. మంగళవారం, శుక్రవారం. నూజివీడు నుంచి ఆగిరిపల్లి, నున్న మీదుగా విజయవాడ. అక్కడ మంచం మీద నాలుగు గంటలు. మళ్లీ అదే దారిన వెనక్కి. మామిడి సీజన్‌లో అయితే నున్న మార్కెట్ దగ్గర కాయల ట్రాక్టర్ల వెనక ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు. వెళ్లేటప్పుడు భయం, వచ్చేటప్పుడు నీరసం. ఇక మాటలేం సాగుతాయి? నలభై ఏళ్లు కలిసి బతికిన ఇద్దరూ అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చునేవారు. ఏదో ఒకటి మాట్లాడాలని ఆయనకుండేది. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. తెరిస్తే పురుగుమందు రేట్లు, కాయ ధరలు తప్ప నోట్లోంచి ఇంకేవీ రావాయె!

ఓ శుక్రవారం తిరిగొస్తుంటే ఆవిడే అడిగారు. ‘‘ఏవండీ, ఆ రేడియో ఏమన్నా పలుకుతుందేమో చూపించరాదూ...’’

జబ్బు చేశాక ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

సంగతి తెలియగానే కూతురు పెద్ద టచ్ స్క్రీన్ సెట్టు కొని పంపించింది. ఫోన్ కలపొచ్చు, సినిమాలు చూడొచ్చు, దారి కూడా చూపిస్తుందట. పెద్దాయనకి నూజివీడు - విజయవాడ దారి ఎవరు చూపించాలి చెప్పండి! సరే, ప్రేమగా పంపింది కదా అని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లారు. అతను సెట్టుని కంత దగ్గర పెట్టి చూసి, ‘‘బాబాయిగారూ, ఇది డబుల్ సైజు. కింద కొంచెం కోస్తే పట్టేస్తుంది. పావుగంట పని’’ అన్నాడు. చేతిలో రంపపు బ్లేడు కూడా సిద్ధం.

పెద్దాయన ఒప్పుకోలేదు. కోసిన డ్యాష్‌బోర్డు మళ్లీ అతుకుతుందా? అదొక్కటే కాదు. బజార్లో ఆ తెరని నొక్కి చూస్తే నాలుగుసార్లు పొడిస్తే గానీ పలకలేదు. ఏళ్ల తరబడి కాయ తొడిమల్లోంచి చిమ్మిన సొన పడీపడీ ఆ వేళ్ల చివర్లు బండబారిపోయాయి. లారీలు ఎదురొచ్చే రోడ్డు మీద బొమ్మలు వెతుక్కుంటూ నొక్కడం ఎలా? ‘‘తిప్పే నాబ్ ఉన్నది కావాలబ్బాయ్. చూడకుండా తిప్పుకునేది’’ అన్నారు.

అలాంటిది దొరికింది. దొరకడానికి కారణం జర్మన్లు. కారు రేడియోకి ఇంత కంత ఉండాలని వాళ్ల ప్రమాణాల సంస్థ ఓ కొలత పెట్టింది. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలే ‘డిన్’. తర్వాత ప్రపంచమంతా అదే కొలత పట్టుకుంది. ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. అందుకే పాత టేప్ రికార్డర్ తీసిన చోట కొత్త సెట్టు రంపంతో పని లేకుండా కూర్చుంటుంది. ఏరియల్ పిన్ను కథ ఇంకా పాతది. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు అమ్మిన కారు రేడియో పేరు మోటరోలా. ఏరియల్ చివరుండే ఆ లావు పిన్నుని ఇప్పటికీ మోటరోలా పిన్ననే అంటారు.

సోమవారం సాయంత్రం పని మొదలైంది. అసలు కష్టం కంతతో కాదు, దాని వెనకున్న తీగలతో! పాత సెట్టుని లాగితే వెంట ఓ చిక్కుముడి వచ్చింది. ఎవరెవరో చేతులు పెట్టినట్టున్నారు. ఎర్ర తీగకి పచ్చది, పచ్చదానికి తెల్లది కలిపి టేపు చుట్టారు. రెండుచోట్ల ఎలుకలు కొరికాయి. తోటలో షెడ్డు కింద పెట్టే కారు కదా!

కొత్త సెట్టుకి పసుపు తీగ నేరుగా బ్యాటరీకి వెళ్లాలి. టైము, స్టేషన్లు గుర్తుండాలంటే దానికి ఎప్పుడూ కరెంటు అందాలి. ఎర్ర తీగకి మాత్రం తాళం తిప్పినప్పుడే రావాలి. నల్లది బాడీకి ఎర్త్. ఇంతే సూత్రం. కానీ తొందరలో చాలామంది పసుపునీ ఎర్రనీ కలిపి బ్యాటరీకి కట్టేస్తారు. పాట వస్తుంది, డబ్బులూ వస్తాయి. తాళం తీసినా సెట్టు మాత్రం నిద్రపోదు. ఆపడం మర్చిపోతే రాత్రంతా కరెంటు తాగుతూనే ఉంటుంది.

ఈ కారులో ఎవరో చేసింది సరిగ్గా అదే. పైగా లోపల ఇరుక్కున్న కేసెట్టు. ‘‘టేపు లోపలుంటే సెట్టు ఆన్‌లోనే ఉన్నాననుకుంటుంది బాబాయిగారూ. మీ బ్యాటరీ ఎప్పుడన్నా దిగిపోయిందా?’’ అన్నాడు కుర్రాడు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. రెండు బ్యాటరీలు మార్చారాయన. ఓ మంగళవారం తెల్లవారుజామున కారు కదలక, పక్కింటివాళ్లని లేపి తోయించుకుని మరీ వెళ్లారు.

‘‘అబ్బాయ్, రాత్రైనా పర్లేదు. పొద్దున మాత్రం బండి కదలాలి.’’

కుర్రాడికి విషయం అర్థమైంది. తీగల రంగుల్ని నమ్మడం మానేశాడు. టెస్ట్ లాంప్ పట్టుకుని ఒక్కో తీగనీ అడిగాడు... తాళం తిప్పితే వెలుగుతావా, తిప్పకపోయినా వెలుగుతావా అని. పసుపు తీగకి వేరే ఫ్యూజు వేశాడు. వెనక స్పీకర్లకి ఒక్కో తీగే ఉంది. రెండోది బాడీకి కట్టి వదిలేశారు. పాత రేడియోలకి అది చెల్లేది. కొత్త సెట్టుకి అలా కడితే లోపలి ఆంప్లిఫయర్ కాలిపోతుంది. అందుకని మ్యాటు ఎత్తి, స్పీకరుకి రెండేసి చొప్పున కొత్త తీగలు లాగాడు. ఏది ప్లస్సో తేల్చడానికి గోడ గడియారంలో వేసే బ్యాటరీ ఒకటి ఆనించి చూశాడు. కోను ముందుకొస్తే ప్లస్సు బ్యాటరీ ప్లస్సు వైపే అన్నమాట. కోయడానికి పావుగంట చాలన్న మనిషి, కోయకుండా బిగించడానికి నాలుగు గంటలు తీసుకున్నాడు. ఆ రాత్రి పెద్దాయన బేరమాడలేదు.

చివర్లో ఓ చిన్న నిరాశ. కొత్త సెట్టులో ఎఫ్ఎమ్ ఉంది, మీడియం వేవ్ లేదు. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఆయన చిన్నతనంలో మీడియం వేవ్ మీదే పలికేది. ముల్లు తిప్పుతూ గరగరల్లోంచి పట్టుకోవడంలో ఓ సరదా ఉండేది. ఇప్పుడు నొక్కితే ఖణేల్‌మని వస్తుంది. కుర్రాడు పెన్ డ్రైవ్‌లో పాత పాటలు కూడా వేసిచ్చాడు. ఇరుక్కున్న కేసెట్టుని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఊడదీశాడు. లోపలి టేపు నలిగి ఉండచుట్టుకుపోయింది. పెద్దాయన దాన్ని పారేయకుండా జేబులో వేసుకున్నారు.

రాత్రంతా ఆయనకి సరిగా నిద్ర పట్టలేదు. అయిదింటికి తాళం తిప్పారు. ఇంజిను మొదటిసారికే అందుకుంది.

మధ్యాహ్నం తిరిగొస్తుంటే నున్న దాటే వరకూ ఆవిడ వింటూనే ఉన్నారు. ఓ పాటకి, ‘‘ఇది మన పెళ్లయిన ఏడు వచ్చింది కదూ?’’ అన్నారు. కాదని ఈయన, అవునని ఆవిడ... ఆగిరిపల్లి దాకా వాదించుకున్నారు. తర్వాత ఆవిడ తల కిటికీ వైపు వాలింది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే ఆయన చెయ్యి చాపి నాబ్ పట్టుకున్నారు. పాట వినపడీ వినపడనంత చిన్నగా తగ్గించారు.