కెరెంహప్పుకు

మొన్న ఒక ఇంట మూడోసారీ ఆడపిల్లే పుట్టింది. "ఏదో ఒక పేరు పెట్టండి అయ్యగారూ" అంది నాయనమ్మ, బిడ్డ వైపు చూడకుండానే. నేనూ ఆ ఇంట మగబిడ్డ కోసమే ప్రార్థన చేశాను. ఆ సిగ్గుతోనే బైబిలు తెరిచాను.

యోబు 42:14. శ్రమలు తీరాక యోబుకు పుట్టిన కుమార్తెలు. యెమీమా, కెజీయా మన సంఘాల్లో వినబడే పేర్లే. మూడోది కెరెంహప్పుకు, నేనింతవరకు ఎవరికీ పెట్టలేదు. నోరు తిరగదు మరి! హెబ్రీలో కెరెన్ అంటే కొమ్ము, పూక్ అంటే కంటికి పెట్టే రంగు. కాటుక ఉంచే కొమ్ము. మన కాటుక భరిణె అనుకోండి.

ఆ అధ్యాయంలో ఏడుగురు కొడుకుల పేర్లు లేవు, కూతుళ్లవే ఉన్నాయి. తండ్రి వాళ్లకు అన్నదమ్ములతోపాటు స్వాస్థ్యమిచ్చాడు.

"కాటుక భరిణా?" అంటూ నాయనమ్మ బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. "ఇంట్లో కెరెన్ అంటాంలెండి."