కొండమెట్ల మీద అడ్డంగా కూర్చున్నది నేనే

ఉపకారవేతనాల దరఖాస్తుకు ఆఖరి రోజున మన సైటు రెండు గంటలు తెరుచుకోలేదు. చాలామంది హోస్టింగ్ వాళ్లను తిట్టారు. తప్పు వాళ్లది కాదు, నాది.

ఆ రోజు తిరువళ్ళూరులో మా ఇంట్లో కూర్చుని చందా బకాయిల జాబితా తీస్తున్నాను. సభ్యుల పట్టిక ఒకటి, రసీదుల పట్టిక ఒకటి. సభ్యత్వ సంఖ్యను బట్టి రెంటినీ జతచేయమని చెప్పాలి. ఆ ఒక్క వరుస రాయడం మరిచాను. దాంతో డేటాబేస్ ప్రతి సభ్యుడి పక్కనా ప్రతి రసీదునూ పెట్టడం మొదలెట్టింది. 2,400 మంది, 15,000 రసీదులు. అంటే 3.6 కోట్ల వరుసలు! పైగా తేదీలవారీగా పేర్చమన్నాను. ఎంతకీ రాకపోతే టాబ్ మూసేసి మళ్లీ అదే నడిపాను. ఇక్కడ మూసినంత మాత్రాన అక్కడ ఆగదని నాకు తెలియదు.

అప్పుడే ఫోన్. పళ్ళిపట్టు నుంచి తిరుత్తణికి బస్సులో వచ్చిన ఒక చెల్లెమ్మ. "అన్నా, పాప సర్టిఫికెట్లు పట్టుకుని పొద్దుట్నుంచీ బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చున్నాం. పేజీ రావడం లేదు. ఈరోజు కూలి కూడా పోయింది."

ఆడికృత్తికకు తిరుత్తణి కొండెక్కినవాళ్లకు తెలుసు. 365 మెట్లలో ఎక్కడో ఒకడు కావడి దించి అడ్డంగా కూర్చుంటే వెనకవాళ్లంతా నిలబడాల్సిందే. ఆ రోజు అలా కూర్చున్నది నేను.

'షో ప్రాసెస్‌లిస్ట్' అని అడిగితే నా రెండు క్వెరీలూ ఇంకా నడుస్తూ కనిపించాయి. వాటి నంబర్లు చూసి 'కిల్' కొట్టాను. పేజీ తెరుచుకుంది. కమిటీ గడువు ఒక రోజు పెంచింది. ఆమె కూలి మాత్రం తిరిగి రాలేదు.

మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి సెలెక్ట్ క్వెరీలకు 'మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్' అని ఒక హద్దు ఉంది. మనం పెట్టకపోతే అది సున్నా, అంటే హద్దే లేదు. లెక్క మిల్లీసెకన్లలో. ఇప్పుడు రిపోర్టు స్క్రిప్టు మొదటి వరుసలోనే 10,000 అని రాశాను. పది సెకన్లు దాటితే సర్వరే ఆపేస్తుంది. కొత్త క్వెరీ ఏదైనా ముందు 'ఎక్స్‌ప్లెయిన్' పెట్టి, ఎన్ని వరుసలు తిరగేయబోతోందో చూస్తున్నాను. పెద్ద లెక్కలు రాత్రి తీసిన బ్యాకప్ మీద, నా కంప్యూటర్‌లోనే.

లాగిన్ ఉన్న మిగతా ముగ్గురికీ ఒకటే మనవి. నేరుగా సర్వర్ మీద క్వెరీలు నడపకండి, ఈ స్క్రిప్టే వాడండి. మన జాబితా ఒక రోజు ఆగినా ఫరవాలేదు. పిల్లల దరఖాస్తు ఆగకూడదు.