పాతికమందికి తెలిసిన పాట

సినిమా హీరో అభిమాని సంగతి తెలుగువాళ్లకు చెప్పేదేముంది! మొదటిరోజు మొదటి ఆట చూడాలి. కటౌటు పక్క హీరో కటౌటు కంటే జానెడైనా ఎత్తుండాలి. తన హీరో పేరు తెలియనివాడు భూమ్మీద ఉండకూడదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మాత్రం ఇంకోరకం అభిమాని కనిపిస్తాడు. తను ప్రాణం పెట్టుకున్న బ్యాండ్ పేరు ఎదుటివాడు వినలేదంటే అతనికి కోపం రాదు. పైగా కాస్త గర్వంగా ఉంటుంది! ఆ బ్యాండ్ పెద్దది కావాలనీ ఉంటుంది, అయితే తమకు కాకుండా పోతుందేమోనన్న బెంగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య నలిగే కుర్రాళ్లూ అమ్మాయిలూ ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా తరానికి ఓ గుంపు తయారవుతూనే ఉన్నారు.

వాళ్లు వినేది ఇండీ రాక్. ఇండిపెండెంట్ అన్న మాటకు కురచరూపం ఇండీ. పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా, సొంత డబ్బుతోనో చిన్న సంస్థల సాయంతోనో పాటలు తెచ్చే బృందాలన్నమాట. రెండు గిటార్లు, ఓ బేస్ గిటారు, డ్రమ్స్, ముందొక మైకు. పాట రాసేదీ బాణీ కట్టేదీ పాడేదీ, ఆఖరికి సామాను మోసేదీ వాళ్లే.

లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో రైలెక్కితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం షెఫీల్డ్‌కి. ఏడు కొండల ఊరు అంటారు. నిజంగానే ఏ వీధి చూసినా ఎగుడో దిగుడో! షీఫ్ నది పేరుమీదే ఊరికాపేరు వచ్చింది. నగర పరిధిలో దాదాపు మూడోవంతు పీక్ డిస్ట్రిక్ట్ జాతీయవనంలోనే ఉంటుంది. అయినా ప్రపంచానికి తెలిసింది పచ్చదనంతో కాదు, ఉక్కుతో. తుప్పుపట్టని ఉక్కును 1913లో హ్యారీ బ్రియర్లీ రూపొందించింది ఇక్కడే. చాకులకీ కత్తెరలకీ షెఫీల్డ్ ముద్ర ఉంటే చాలు, వందేళ్లపాటు ఇంకేం అడగకుండా కొన్నారు. టీవీలో స్నూకర్ చూసేవాళ్లకు క్రూసిబుల్ థియేటర్ పేరు తెలిసే ఉంటుంది. 1977 నుంచి ప్రపంచ పోటీలు అందులోనే. క్రూసిబుల్ అంటే ఉక్కు కరిగించే మూస!

1980ల్లో ఆ ఉక్కు కొలువులు వేలకు వేలు పోయాయి. ఫ్యాక్టరీలూ గోదాములూ ఖాళీ. అద్దె చవక, చుట్టుపక్కల ఇళ్లుండవు కాబట్టి ఎంత గోలచేసినా అడిగేవాడు లేడు. బ్యాండ్‌కి ఇంతకంటే ఏం కావాలి? 1980లో రైల్వేస్టేషన్ దగ్గర పాడుబడిన పిండిమరలో లెడ్‌మిల్ అనే సంగీతశాల మొదలైంది. మొదటి ఏడాదే అక్కడ పాడిన బృందాల్లో ఒకటి పల్ప్.

పల్ప్‌ని నమ్ముకున్న అభిమానుల ఓపికకు దండం పెట్టాలి. జార్విస్ కాకర్ బడిలో చదివేటప్పుడు, 1978లో పెట్టిన బృందమది. మనుషులు మారారు, కంపెనీలు మారాయి, ఆల్బమ్‌లు వచ్చి పోయాయి. ఊళ్లో నలుగురు మాత్రం వదల్లేదు. 'కామన్ పీపుల్' పాటతో దేశమంతా పల్ప్ పేరు మోగింది 1995లో. అంటే పదిహేడేళ్లు! మొదట్లో విన్న పిల్లలకు అప్పటికి పెళ్లిళ్లయి వాళ్ల పిల్లలు బడికెళుతూ ఉంటారు.

తరవాతి తరానికి అంత నిరీక్షణ అవసరం రాలేదు.

ఊరికి ఉత్తరపు కొసన హైగ్రీన్ అని ఓ శివారు. అక్కడి ఇరుగుపొరుగు కుర్రాళ్లు అలెక్స్ టర్నర్, మ్యాట్ హెల్డర్స్. 2001 క్రిస్మస్‌కి టర్నర్‌కీ అతని దోస్తు జేమీ కుక్‌కీ ఇళ్లలో గిటార్లు కొనిచ్చారు. ఆండీ నికల్సన్ బేస్ గిటారు పట్టాడు. హెల్డర్స్‌కి మిగిలింది డ్రమ్సే, దాంతో అవే నేర్చుకున్నాడు. పేరు ఆర్కిటిక్ మంకీస్. 2003 జూన్ 13న ట్రిప్పెట్ లేన్‌లోని ది గ్రేప్స్ అనే పబ్‌లో తొలి కచేరీ. టర్నర్‌కి అప్పుడు పదిహేడేళ్లు.

ఆ తరవాత చేసిన పనే వాళ్ల జాతకం మార్చింది. ఊళ్లోని స్టూడియోలో నమూనాగా రికార్డు చేసుకున్న పాటల్ని సీడీల్లోకి కాపీచేసి కచేరీకి వచ్చినవాళ్లకు ఊరికే పంచిపెట్టారు. ఉన్నవి కొద్ది సీడీలు, అడిగేవాళ్లు ఎక్కువ. మరేం చేయాలి? దొరికినవాళ్లు దొరకనివాళ్లకు కాపీలు చేసిచ్చారు. కొందరు ఇంటర్నెట్‌లో పెట్టేశారు. క్యాసెట్ల రోజుల్లో రికార్డింగ్ షాపుకెళ్లి కాగితంమీద పాటల జాబితా రాసిచ్చి రెండురోజులు ఎదురుచూసినవాళ్లకు ఆ ఆత్రం అర్థమవుతుంది. ఆ పాటల మూటకు 'బినీత్ ద బోర్డ్‌వాక్' అని పేరు పెట్టుకున్నది కూడా అభిమానులే. బోర్డ్‌వాక్ అంటే వాళ్లు తరచూ పాడే సంగీతశాల, టర్నర్ బార్ కౌంటర్లో పనిచేసింది అక్కడే. మైస్పేస్‌లో బ్యాండ్ పేరుతో పేజీ తెరిచిందీ అభిమానులే. బ్యాండ్ కుర్రాళ్లకు అలాంటిదొకటి ఉందన్న సంగతే మొదట తెలీదు!

విచిత్రం ఎక్కడ జరిగిందంటే, ఇంకా దుకాణంలోకి రాని పాటల్ని జనం పల్లవి నుంచి చివరి చరణం దాకా తప్పులేకుండా పాడటం మొదలెట్టారు. కచేరీకి వెళ్లేముందే నోటికి వచ్చేసి ఉండేవి. వేదికమీద ఉన్నవాళ్లే బిత్తరపోయేవాళ్లు.

ఆ పాటల్లో ఏముందీ అంటే... షెఫీల్డ్ ఉంది. శనివారం రాత్రి టాక్సీకోసం వరసలో నిలబడటం, క్లబ్బు గుమ్మంలో పహిల్వాన్లు లోపలికి పోనివ్వకపోవడం, పొరుగున ఉన్న పేటల పేర్లు. 'మార్డీ బమ్' అని ఓ పాట. మూతి ముడుచుకుని అలిగే మనిషిని అక్కడివాళ్లు మార్డీ అంటారు. లండన్‌వాడికి అర్థంకాకపోయినా ఫర్వాలేదనుకుని రాసిన మాట అది. ఇంకో పాటలో హంటర్స్ బార్ అనే పేటవాడు శాన్‌ఫ్రాన్సిస్కో కబుర్లు చెబుతుంటే ఎగతాళి చేస్తారు. అమీర్‌పేటలో ఉంటూ అమెరికా యాసలో మాట్లాడేవాళ్ల మీద హైదరాబాద్ కుర్రాడెవరో పాట కట్టినట్టు! తమ వీధి పేరు పాటలో వినపడితే ఏ ఊరి పిల్లలైనా ఆ పాటను వదులుతారా?

2005 మేలో సొంతంగా తెచ్చిన మొదటి రికార్డు 1,500 ప్రతులే. క్షణాల్లో దొరక్కుండా పోయింది. పెద్ద కంపెనీలు క్యూ కట్టాయి. కుర్రాళ్లు మాత్రం ఇండీ సంస్థ డామినోతో ఒప్పందం చేసుకున్నారు. ఆగస్టులో రెడింగ్ ఉత్సవంలో వాళ్లకిచ్చింది చిన్న డేరా. వచ్చిన జనం అందులో పట్టలేదు. అక్టోబరులో తొలి సింగిల్ వస్తూనే బ్రిటన్‌లో మొదటి స్థానం. 2006 జనవరి 23న విడుదలైన తొలి ఆల్బమ్ మొదటి వారంలోనే 3,63,735 ప్రతులు అమ్ముడైంది. అప్పటికి బ్రిటన్‌లో ఏ బృందం తొలి ఆల్బమూ అంత వేగంగా పోలేదు. ఉచితంగా పాటలన్నీ చేతిలో ఉన్నవాళ్లు కూడా డబ్బిచ్చి మళ్లీ కొన్నారు! అట్టమీద సిగరెట్టు తాగుతూ కనిపించేది బ్యాండ్‌వాళ్లెవరూ కాదు, వాళ్ల స్నేహితుడు.

గెలిచారు కదా, మొదటినుంచీ వెంట ఉన్నవాళ్ల ఆనందానికి హద్దుండదనుకుంటాం. ఉంటుంది. నిన్నటిదాకా చెయ్యిచాస్తే గిటారుకు తగిలేంత దగ్గర. పాట అయ్యాక అదే కౌంటర్ దగ్గర పలకరించుకునేవాళ్లు. ఇప్పుడు టికెట్టు కోసం దేశమంతటితో పోటీపడాలి. దొరికినా వేదికమీది మనిషి అగ్గిపుల్లంత. పక్కనున్నవాడికి మొన్న రేడియోలో విన్న ఒక్క పాటే వచ్చు, దానికే ఊగిపోతుంటాడు. అతనిమీద కోపం... ఆ కోపం న్యాయం కాదనీ తెలుసు. బ్యాండ్ ఎదగాలని సీడీలు పంచింది ఎవరు మరి! కూతురి పెళ్లి ఘనంగా చేసి, కారు మలుపు తిరిగాక గుమ్మంలో నిలబడిపోయే తండ్రిలాంటి అవస్థ అది.

అలాగని అందరి కూతుళ్లకూ సంబంధాలు కుదరవు. అదే రోజుల్లో అదే వేదికలమీద పాడిన మిల్‌బర్న్ అనే షెఫీల్డ్ బృందానికి ఊళ్లో ఏమంత తక్కువ పేరు లేదు. ఆర్కిటిక్ మంకీస్ కంటే ముందే మొదలెట్టారు. 2008లో విడిపోయి, 2016లో మళ్లీ కలిశారు. అభిమానులు అప్పటిదాకా అట్టేపెట్టుకున్న పాత ప్రేమ అంతా బయటికి తీశారు. పెద్దగా గెలవని బృందంతో వచ్చే సుఖం ఇదే. అది చివరిదాకా ఊరిదే.

ఆర్కిటిక్ మంకీస్ దారి వేరు. గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో ప్రధాన ఆకర్షణగా మూడుసార్లు, 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఓసారి పాడారు. 2023 జూన్‌లో సొంతూరికొచ్చి హిల్స్‌బరో పార్కులో రెండు రాత్రులు కచేరీ చేశారు. 2003లో గ్రేప్స్‌లో విన్నవాళ్లకు అప్పటికి నలభయ్యో పడి దగ్గర పడి ఉంటుంది.

ఇప్పుడు షెఫీల్డ్ వెళ్లి ఆ చోట్లన్నీ చూద్దామనుకునేవాళ్లకు కొంచెం నిరాశ తప్పదు. ఊరి మధ్యలో స్నిగ్ హిల్ దగ్గరున్న బోర్డ్‌వాక్ 2010లో మూతపడింది. దాని పూర్వనామం బ్లాక్ స్వాన్. ద క్లాష్ అనే ప్రఖ్యాత బృందం 1976 జులై 4న తమ జీవితంలో మొట్టమొదటి కచేరీ చేసింది ఆ కప్పు కిందే. ఇక లెడ్‌మిల్... భవన యజమానులకూ నిర్వాహకులకూ మధ్య ఏళ్లతరబడి నడిచిన వ్యాజ్యం ముగిసి, 2025లో పాత నిర్వాహకులు ఖాళీ చేశారు. నలభై అయిదేళ్ల సంగీతశాల. ఆఖరి రోజుల్లో జనం వచ్చి గోడల ముందు నిలబడి ఫొటోలు దిగి వెళ్లారు. అక్కడే తొలిసారి పాట విన్నవాళ్లు, అక్కడే జంట కుదిరినవాళ్లు ఎంతమందో!

బాధ ఒక్క షెఫీల్డ్‌ది కాదు. 2023 ఒక్క ఏడాదిలోనే బ్రిటన్‌లో 125 చిన్న సంగీతశాలలు కచేరీలు మానుకున్నాయని వాటి బాగోగులు చూసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క తేల్చింది. అద్దెలు, కరెంటు బిల్లులు, పక్కన కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లవాళ్ల ఫిర్యాదులు. స్టేడియం కచేరీలకు అమ్మే ప్రతి టికెట్టు మీదా ఒక పౌను చొప్పున ఈ చిన్నవాటికి ఇవ్వాలని వాళ్లు అడుగుతూ వచ్చారు. స్వచ్ఛందంగా అలా ఇమ్మని ప్రభుత్వం కూడా 2024లో చెప్పింది. అడగడంలో న్యాయముంది. స్టేడియం నింపే బృందం స్టేడియంలో పుట్టదు కదా.

నీప్‌సెండ్ అనే పాత ఫ్యాక్టరీల పేటలో యెల్లో ఆర్చ్ అని ఓ స్టూడియో ఉంది. ఆర్కిటిక్ మంకీస్ సాధన చేసుకున్న చోట్లలో అదొకటి. అందులోనే కచేరీలూ జరుగుతుంటాయి. ఎవరూ పేరు వినని బృందాలు చాలానే పాడతాయి. వెళ్లేవాళ్లు ఒంటిమీద ఓ స్వెట్టరు వేసుకోవడం మంచిది. బయటికొచ్చాక బస్సుకోసం కొండగాలిలో నిలబడాలి. చెవుల్లో హోరు ఇంకా తగ్గదు, ముందు నిలబడ్డ పిల్లలు అప్పుడే విన్న పాటను సగం సగం గుర్తుచేసుకుంటూ కూనిరాగం తీస్తుంటారు.